పేరడిగే ఊట

“ఆగమ్మా! నీ సేత్తో నువ్వు ముంచుకోకూడదు.”

ఊట మీదకు వంగిన ఫణిశ్రీ ఉలిక్కిపడి సీసా వెనక్కు తీసుకుంది.

పొదల్లోంచి ఒక ముసలాయన వచ్చాడు. మోకాళ్ల దాకా మట్టి, భుజాన తడి తువ్వాలు, చేతిలో సొరకాయ బుర్ర.

“ఎందుకు ముంచుకోకూడదు?”

“జమీందార్ల కాలం నుంచీ ఇక్కడదే పద్ధతి. తోట సూసుకునే మనిషే ముంచాల. ఎవరి కోసమో పేరు సెబితే, ఆ పేరు తలుసుకుని పోస్తాను. ఎవరికమ్మా నీళ్లు?”

ఫణిశ్రీ ఫోను చూసుకుంది. సిగ్నల్ లేదు.

స్కూటీ గేటు దగ్గరే వదిలేసి, ఎప్పుడో ఓడల్లో తెప్పించి నాటిన చెట్ల కింద పావుగంట నడిచి వచ్చింది. కాండాలకు కొట్టిన పేర్ల రేకులు తుప్పు పట్టిపోయాయి. ఎండ కూడా నేల మీద పడని ఆ చోట ఆమెకు ఊపిరాడటం లేదు. ఈలోపు ఇంట్లో ఏం జరిగిందో!

చోడవరంలో అత్తగారు బాలాత్రిపురసుందరి మంచం పట్టి నెలయింది. రెండు రోజులుగా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పొద్దున మాత్రం కోడలి చెయ్యి పట్టుకుని, “కొండ కింద తోటలో ఊట నీళ్లు తే. నువ్వే వెళ్లు” అంది. సాయంత్రం దాటడం కష్టమన్నాడు డాక్టరు.

“మా ఇంట్లో పెద్దావిడకి” అంది ఫణిశ్రీ.

“పెద్దావిడకి పేరుండదేటమ్మా?”

పేరు చెబితే గోత్రమంటాడు, గోత్రం చెబితే పళ్లెం చాస్తాడు. ఇలాంటివాళ్లను ఎన్ని క్షేత్రాల్లో చూడలేదు!

“అవతల మనిషి ప్రాణం మీదుంటే నీ పేర్లేటయ్యా మధ్యన? తప్పుకో!”

ఆయన నొచ్చుకోలేదు.

“అలాగయితే మరీ సెప్పాలమ్మా...”

ఆమె వినలేదు. సీసా ఊటలో ముంచేసింది. ఆయన బుర్ర పట్టుకుని పక్కకు జరిగాడు.

“నెమ్మదిగా ఎల్లమ్మా, రాళ్లు నాసు పట్టున్నాయి” అన్నాడు వెనకనుంచి.

దారి పొడవునా చెరుకు లారీలు. హారన్ కొట్టి కొట్టి బొటనవేలు నొప్పెట్టింది.

ఇల్లు చేరేసరికి అత్తగారికి ఇంకా ఊపిరాడుతోంది. కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. మంచం పక్కన ఆవిడ చిన్ననాటి నేస్తం మంగాయమ్మ కూర్చుని ఉంది. కబురు తెలిసి దేవరాపల్లి నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చింది.

“అత్తయ్యా, నీళ్లు తెచ్చేను.”

ఆవిడ చూపు కోడల్ని దాటి గుమ్మం బయటికి వెళ్లింది. అక్కడెవరూ లేరు.

“ఎవరు ముంచేరు?”

“నేనే అత్తయ్యా.”

ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. చెంచాతో పోసిన నీళ్లు పెదవి పక్కనుంచి దిండు మీదకు జారిపోయాయి.

కాసేపటికి ఫణిశ్రీ భర్త ఫణిశ్రీనివాస్, తన తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే కూలబడిపోయాడు.

మంగాయమ్మ ఫణిశ్రీని వసారాలోకి తీసుకొచ్చింది.

“ఎక్కడి నీళ్లు తల్లీ అవి?”

“కొండ కింద తోటవి.”

మంగాయమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“అక్కడాయన పేరడగలేదేటి?”

“అడిగేడు. నేనే చెప్పలేదు.”

“ఎంత పని సేసేవే! ఆ ఒక్క పేరు సెవిన పడితే నీ బండెనకాలే పరిగెత్తుకొచ్చీసేవోడు. ‘నీ పేరు మరి నా నోట రాద’ని నలభయ్యేళ్ల కిందట ఒట్టేసుకుంది మీ అత్త. ఆయన పేరు పలకలేక, తన పేరు నీ సేత పంపింది.”

ఫణిశ్రీ స్తంభం పట్టుకుని నిలబడింది.

ఫణిశ్రీనివాస్ కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

“పిన్నీ, ముందు ఎవరికి కబురు పెట్టమంటావు?”

“ఆ తోటకే పెట్టు బాబూ” అంది మంగాయమ్మ. “సర్కారు ఉద్యోగం ఒదిలేసి సెట్లకి నీళ్లు పోసుకుంటానన్నాడని, నువ్వు పుట్టకముందే మీ అమ్మ గడప తొక్కనివ్వనంది గానీ... ఆయన నీ మేనమామ.”