పన్నెండు ముక్కలు, ఆరుగురు చుట్టాలు

"పది కురుత్ ఉండలున్నాయి. మూడు తీసేశాం. ఎన్ని మిగిలాయి?" అనడిగింది ఐజర్కిన్ టీచరు.

చివరి బెంచీలో బత్మా బల్ల మీదున్నవాటిని వేలు పెట్టి లెక్కెట్టింది.

"ఆరు."

"సరిగ్గా చూసి చెప్పాలి."

"సరిగ్గానే చూశా టీచరమ్మా. ఒకటి నోట్లో ఉంది."

పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. టీచరు మాత్రం నవ్వలేదు. నవ్వొచ్చింది గానీ, నవ్విందంటే ఆ బెంచీ ఇక మాట వినదు.

మా తాష్‌బులక్ బళ్లో లెక్కలంటే ఇలాగే ఉంటాయి. పట్నం బళ్లలో రంగురంగుల ప్లాస్టిక్ పూసలుంటాయంట. మాకు కురుత్ అనే ఎండబెట్టిన పెరుగుండలున్నాయి, గొర్రె మడమెముకలున్నాయి. కూడికలకీ తీసివేతలకీ కురుత్ ఉండలు. పంపకాలకి ఎముకలు. గది పొడుగు కొలవాలంటే గుర్రం తాడు. చేత్తో తాకితేనే లెక్క బుర్రకెక్కుద్దని ఐజర్కిన్ నమ్మకం. బత్మాకి బుర్రకంటే ముందు నోటికెక్కేది. ముందు పళ్లు లేవు మరి, కొరకలేదు. బుగ్గన పెట్టుకుని చప్పరిస్తా కూర్చునేది.

అసలు బత్మా బడికొచ్చిందే చలికాలం మధ్యలో. అంతకుముందే ఒక కుటుంబం గొర్రెలమ్ముకుని టౌనుకి దిగిపోయింది. బళ్లో తొమ్మిదిమందే మిగిలారు. పదిమంది లేకపోతే బడి మూసేస్తామని పైనించి కాగితం వచ్చింది. మూస్తే మా పిల్లలు కనుమ దాటి పద్నాలుగు కిలోమీటర్లు పోవాలి. అంత మంచులో ఎట్టా పోతారు?

ఊళ్లో బడి మొహం సరిగ్గా చూడంది బత్మా ఒక్కతే. అందరం పోయి బతిమాలాం. రానంటే రానంది. ఒకరోజు కడుపునొప్పంది. ఒకరోజు తలనొప్పంది. ఎర్ర బ్యాగు కొనిపెడతామంటే అప్పుడు, "జేబులెన్ని?" అనడిగింది.

నాలుగు జేబులది తెచ్చాం. నాలుగింట్లోనూ మిఠాయిలు పోస్తే గానీ బయల్దేరలేదు.

అల్లరి తక్కువేం కాదు. పొద్దున టీచరు తొమ్మిది పేర్లు గట్టిగా పిలిచేది. పదోదానికొచ్చేసరికి నోరు మెదపకుండా చివరి బెంచీకేసి చూసి టిక్కు పెట్టేది. మధ్యాహ్నమయ్యేసరికి అక్కణ్ణించి గురక.

"తిలెక్, నీ పలక దాచుకో. చూసి రాసేస్తున్నారు!" అనేది టీచరు.

"నేనెక్కడ చూశాను? వాడే చూపించాడు," అనేది బత్మా.

"టీచర్, మిఠాయిచ్చి చూపించమంది!" అనేవాడు తిలెక్. వాడికి ఏడేళ్లు, అబద్ధం రాదు.

మార్చిలో ఇన్‌స్పెక్టరు జీపులో దిగాడు. మేమంతా కిటికీ దగ్గర నిలబడ్డాం. ఆయన రిజిస్టరు చూశాడు.

"ఈ బత్మా ఎవరు? మధ్యలో చేరినట్టుందే."

చివరి బెంచీలో చెయ్యి లేచింది. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చూశాడు. బ్యాగులోంచి రూల్సు కాగితం తీసి పైనించి కిందిదాకా చదివాడు.

"పది పేర్లుండాలి. పదిమందికీ లెక్కలు రావాలి. ఇంతే రాసుంది," అన్నాడు చివరికి. "సరే, రెండో తరగతి లెక్క ఒకటి ఇస్తా. చెప్తే బడి ఉంటది. తప్పితే తాళం."

ఐజర్కిన్ మొహం సున్నం కొట్టినట్టయింది.

"గొర్రెని కోశారు. పన్నెండు ముక్కలు వచ్చాయి. ఆరుగురు చుట్టాలొచ్చారు. తలా ఎన్ని?"

బత్మా ఆలోచించింది. "ఎవరెవరొచ్చారు?"

"ఎవరైతే ఏంటి? ఆరుగురు."

"అట్టా అంటే ఎట్టా సారూ? అందరికన్నా పెద్దెవరు? ఆయనకి తుంటి ముక్క పడాలిగా. అల్లుడొచ్చాడా? వస్తే బోర ముక్క వాడిది. ఏ ముక్క ఎవరిదో తెలీకుండా ఎట్టా పెడతాం? పెద్దాయన అలిగి పోడూ?"

"లెక్కలో ఎవరూ అలగరు!"

"మా ఊళ్లో అలుగుతారు."

కిటికీ దగ్గర మేం ముందుకు తోసుకున్నాం. ఐజర్కిన్ పెదాలు కొరుక్కుంటా నిలబడింది, ఒక్క ముక్క అందించకుండా.

"ఆరుగురూ ఒక ఈడువాళ్లే. అల్లుళ్లు లేరు," అన్నాడు ఇన్‌స్పెక్టరు విసుగ్గా.

"పాపం," అని బత్మా ఎముకలు పన్నెండూ బల్లమీద పోసింది. ఆరు చోట్ల పేర్చింది. "తలా రెండు. సరిపోయింది."

అమ్మయ్య అనుకున్నాం.

"కానీ ఇది తప్పు సారూ."

టీచరు కళ్లు మూసుకుంది.

"మీరూ వచ్చారుగా! గడప దాటి వచ్చిన మనిషికి పెట్టకుండా పంచుతామా? ఏడుగురయ్యారు." ఎముకలన్నీ కలిపేసి మళ్లీ పేర్చింది. "తలా ఒకటి. ఐదు మిగిలాయి. ఆ ఐదూ గుడ్డలో కట్టిస్తా, మీ ఇంట్లోవాళ్లకి పట్టుకెళ్లండి."

ఇన్‌స్పెక్టరు ఆ ఐదెముకలూ వేలు పెట్టి లెక్కెట్టాడు. తర్వాత గదంతా అదిరేట్టు నవ్వాడు.

"శేషాలు మూడో తరగతిలో గదయ్యా వచ్చేది!" అని మావైపు తిరిగి అంటానే కాగితం మీద ముద్ర గుద్దాడు.

జీపు వాగు దాటాక, ఐజర్కిన్ చివరి బెంచీ దగ్గరికి పోయి, ఇంటి కోడలు ఎంత వంగాలో అంత వంగి, ఎప్పట్లాగే పేరు పలక్కుండా, "ఇక ఇంటికెళ్దామా అత్తయ్యా, మీ అబ్బాయి ఆకలితో ఉంటాడు," అంది.