ఒక్క చుట్టు

“పది గంటలకి పళ్ల డాక్టరు వస్తాడు. పది నిమిషాలు దగ్గకుండా నడిస్తేనే బండి కొంటాడట, లేదంటే వద్దట,” అన్నాడు భర్త, కార్బురేటర్ మూత బిగిస్తూ.

“నడుస్తుందా మరి?” అంది భార్య. రెండు సీట్ల ఆ పాత స్పోర్ట్స్ కారుకి పెళ్లయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం టార్చి పట్టేది ఆమే.

“జెట్టు ఊదాను, ఫ్లోటు కడిగాను. మిగిలింది ఈ స్క్రూ ఒక్కటే.” చెవి ఒగ్గి, వెంట్రుకవాసి తిప్పి ఆగాడు. ఇంజను కడుపు నిండిన పిల్లిలా గుర్రుమంది. “అదీ. ఇక్కణ్ణుంచి ఒక్క చుట్టు లోపలికి పోతే పెట్రోలు చాలదు. ఒక్క చుట్టు బయటికొస్తే ఎక్కువవుతుంది. ఎటైనా దగ్గే.”

“ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.”

“రేపటి నుంచి వినక్కర్లేదులే. షెడ్డు కావాలన్నావుగా, ఇక నీదే.”

“మీ నడుముకీ విశ్రాంతి. వంగలేకపోతున్నానని మీరేగా అన్నారు.”

ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అతను ఇంకాసేపు బండి దగ్గరే ఉండి, తర్వాత స్నానానికి వెళ్లాడు.

డాక్టరు సరిగ్గా పదింటికి దిగాడు. కాఫీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగాడు. “పెట్రోలు వాసనా?”

“మా ఇంట్లో అన్నీ అంతేనండీ,” అంది భార్య, చేతులు కొంగులో దాచుకుంటూ.

“సరే, నోరు తెరవమనండి చూద్దాం,” అన్నాడు డాక్టరు. భర్త బానెట్ ఎత్తి, తాళం తిప్పాడు.

ఒక్క దగ్గు కూడా లేదు. పది నిమిషాలూ అదే గుర్రు.

భర్త కార్బురేటర్ కేసి వింతగా చూశాడు. “ఇది ఎప్పుడూ ఇంత బాగా నడవదండీ.”

“ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. ఒక్కోసారి మొండికేస్తుంది,” అంది భార్య ఆశగా.

మళ్లీ చేశాడు. మొండికేయలేదు.

“అమ్మేవాళ్లలో ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదు,” అంటూ డాక్టరు కాగితాలు జేబులో పెట్టుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

షెడ్డులో నూనె మరక మిగిలింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

“ఒకటి చెబుతాను, తిట్టకు,” అన్నాడు భర్త. “షెడ్డు కావాలన్న నీతో బండి అమ్మనని అనలేక, స్నానానికి వెళ్లేముందు ఆ స్క్రూ ఒక్క చుట్టు తిప్పేశాను. అసలది నడవకూడదు.”

ఆమె చేతులు కొంగుతో మరోసారి తుడుచుకుంది.

“ఎటు తిప్పారు?”

“లోపలికి.”

“మీరు స్నానంలో ఉండగా నేను ఒక్క చుట్టు బయటికి తిప్పాను.”