ట్రక్కుల దారి పక్క బడి

"ఒక్క మాట చెప్పి పోతాను, ఇంజనీరు బాబూ" అన్నాడు అబూ ఘాలిబ్.

రాఘిబ్ పెదాల మీద వేలు పెట్టుకుని, స్టాండు మీద మోత కొలిచే మైకు చూపించాడు. అది నడుస్తున్నంతసేపూ పక్కన ఎవరు నోరు విప్పినా లెక్క పాడైపోతుంది. ముసలాయన తెచ్చిన టీ గ్లాసు కింద పెట్టి, వెనక్కి తగ్గి నిలబడ్డాడు.

జర్కా పట్నం దాటాక, ట్రక్కుల దారిని ఆనుకుని ఉన్న ఖాళీ స్థలం అది. అక్కడ బడి కట్టడానికి అబూ ఘాలిబ్ దరఖాస్తు పెట్టాడు. రాఘిబ్ చేతికి ఆఫీసువాళ్ళు ఇచ్చిన కాగితంలో మాత్రం స్థలం నంబరు, 'బడి' అన్న మాట తప్ప మరేమీ లేదు. వివరాలు తెలిస్తే సిఫారసులు మొదలవుతాయని ఆ ఏర్పాటు. సిఫారసు అంటే రాఘిబ్‌కు ఒళ్ళు మంట. ఈ దేశంలో చావుకైనా పెళ్ళికైనా ఎవరో ఒకరి చేత చెప్పించుకోందే పని జరగదని అతని ఏడుపు.

సిమెంటు లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టుకుంటూ పోయింది. ముసలాయన మనవరాలు లీన్, ఏడేళ్ళ పిల్ల, దారి అంచున పుల్లతో మట్టిలో గీతలు గీస్తోంది. తలైనా ఎత్తలేదు. పసిదానికి అప్పుడే ఈ మోత అలవాటైపోయిందా అనుకున్నాడు రాఘిబ్. అతను చదివిన బడీ ఇలాంటి దారి పక్కదే. వెనక బెంచీలో కూచుని అయిదేళ్ళపాటు ఒక్క పాఠమూ సరిగా వినలేకపోయాడు.

మైకు ఆపగానే ముసలాయన మళ్ళీ దగ్గరికొచ్చాడు. చదువుకోవాలంటే పిల్లలు రాజధాని అమ్మాన్ దాకా రెండు బస్సులు మారాలట. అంత దూరం పంపలేక లీన్‌ను ఇంట్లోనే ఉంచేశారట. స్థలం ఇస్తానన్న ఆసామి నెలాఖరు దాకే ఆగుతానన్నాడట.

"అసలు సంగతేమిటంటే బాబూ..."

"వద్దు, హాజీ గారూ. మీ అసలు సంగతులు నాకొద్దు. కొలిచిందే రాస్తాను. నా సొంత తమ్ముడు అడిగినా అంతే."

ముసలాయన జేబులోంచి ఉత్తరం తీసి ఇవ్వబోయాడు. రాఘిబ్ మడతైనా విప్పకుండా తిరిగి ఇచ్చేశాడు.

ఆఫీసులో వారం రోజులు లెక్కలు వేశాడు. ఎన్ని ట్రక్కులు, ఎంత వేగం, గోడ ఎంత దూరం, పదిహేనేళ్ళకు రద్దీ ఎంత పెరుగుతుంది అని. అడ్డుగోడ కట్టినట్టు, కిటికీలకు రెండేసి అద్దాలు వేసినట్టు కూడా లెక్కవేసి చూశాడు. ఎటు తిప్పినా మోత బడికి పెట్టిన హద్దు దాటిపోతోంది. చివరికి 'బడికి పనికిరాదు' అని రాసి సంతకం చేశాడు. లీన్ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆ పిల్ల చెవులైనా కాపాడానని సర్దిచెప్పుకున్నాడు.

మరుసటి నెల అబూ ఘాలిబ్ కాగితాలు వాపసు తీసుకోవడానికి వచ్చాడు. స్థలం టైర్ల గోడౌనుకు అమ్ముడుపోయిందట. ఇక సిఫారసు భయం లేదు కనుక రాఘిబ్ ఆయన్ను కూర్చోబెట్టి కాఫీ పోశాడు.

"నా మీద కోపం పెట్టుకోకండి. ఆ మోతలో పంతులమ్మ చెప్పేది పిల్లలకు ఒక్క ముక్క వినపడదు."

"తెలుసు బాబూ."

"ఆ రోజు ఏదో చెప్పబోయారు. ఇప్పుడు చెప్పండి, వింటాను."

"స్థలమే పోయాక ఇంకెందుకులే" అంటూ ముసలాయన కాగితాలు చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ బడికి రావలసిన మా పిల్లలంతా పుట్టు చెవిటివాళ్ళు."