పల్లంలో టెంటు

"కస్టమరు తెగ మెచ్చుకున్నాడు హర్షిణీ! ఫ్రాన్స్‌లో ఒక్క రాత్రికి టెంటు జాగా బుక్ చేస్తూ, పల్లంలో వద్దు, వానొస్తే మునుగుతారని రాశావట. ఎప్పుడైనా టెంటులో ఉన్నావా?" మా టీం లీడ్ రాబిన్ సార్ అడిగారు.

నేను మరచిన టిఫిన్ డబ్బా పట్టుకుని నాన్న పక్కనే నిలబడ్డాడు.

"లేదు సార్. నెట్‌లో చదివిన."

గచ్చిబౌలిలో నాన్న కూలీగా అపార్ట్‌మెంట్లు కట్టినన్నాళ్లు మాకు పల్లంలో టార్పాలిన్ డేరానే ఇల్లు. లోపలికి నీళ్లొస్తే నన్ను భుజాన వేసుకుని, వాన తగ్గేదాకా నిలబడేవాడు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

"నిజమేనా పెద్దాయనా?" సార్ నవ్వుతూ నాన్న వైపు తిరిగారు.

"నిజమే సారూ. మా బిడ్డకు డేరా సంగతి ఏమెరుక!" నాన్న నవ్వాడు.

ఎప్పుడు తెచ్చినా నా చేతికే ఇచ్చే డబ్బాను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.