రిపోర్టుల బటన్ నొక్కేలోపు

"భూమయ్య కాకా, నీ జనరేటర్‌కెల్లి ఒక్క వైరు ఇయ్యరాదె! ఇర్వై నిమిషాలు, గంతే!"

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పడుతూ లేస్తూ వచ్చాడు వేణు. కోరుట్లలో మెట్‌పల్లి రోడ్డుకు అడ్డంగా వంటావార్పు నడుస్తోంది. రాళ్ల పొయ్యిల మీద బగారన్నం ఉడుకుతోంది. ఆ పక్కన మైకుసెట్టు, దాని వెనక భూమయ్య జనరేటరు. ఊళ్లో ఆ పూట కరెంటున్న చోటు అదొక్కటే. సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగింది, బొగ్గుతో కరెంటు ఆగింది. బస్సులూ ఆగాయి. అమ్మను చూసిపోదామని వచ్చిన వేణు హైదరాబాదు పోలేక ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్నాడు.

"ఏమాయెరా గంత అర్జెంటు?" అన్నాడు భూమయ్య.

"నౌకరి మాట కాకా! పదకొండు గంటలకు మా మేనేజరు పుణె పార్టీకి నేను జేసిన సాఫ్ట్‌వేర్ చూపిస్తుండు. గండ్ల ఒక తప్పు వడ్డది. ఎవ్వలు చూడకముందే తీసెయ్యాలె."

"గిది తెలంగాణ కోసం పెట్టిన జనరేటర్‌రా, నీ కంపెని కోసం కాదు," అంటూనే వైరు ఇచ్చాడు భూమయ్య. "నర్సవ్వ కొడుకువని ఇస్తున్న."

ఆ తప్పేమిటో మాత్రం వేణు చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు?

ఆ సాఫ్ట్‌వేర్‌లో తెర మీద తెరుచుకునే ప్రతి కిటికీ ఒక క్లాసు, అంటే విడిగా రాసిన ఒక కోడు ముక్క. అన్నిటికీ పనికొచ్చే గుణాన్ని ఒక్కచోట రాసి, కావలసిన క్లాసులో కలుపుకుంటే అది మిక్సిన్. ఒక్కసారి పోపు పెట్టి, ఏ కూరలో కావాలంటే ఆ కూరలో వేసుకున్నట్టు. వేణు కొత్త మిక్సిన్ రాసి రిపోర్టుల కిటికీలో కలిపాడు. కలిసిందో లేదో తెలియడానికి, కిటికీ తెరవగానే నడుమ ఒక మాట పడేలా పెట్టాడు. ఇంకొకరైతే హలో అని పెట్టేవారు. నెల రోజులుగా కోరుట్లలో చెవిన పడుతున్నది ఒకటే మాటాయె, వేళ్లకూ అదే వచ్చింది. తెలుగు అక్షరాల్లో, ఇంత లావున: జై తెలంగాణ! చూసుకున్నాక తీసేద్దామనుకునేలోపు కరెంటు పోయింది. ఫైలు అప్పటికే సర్వర్‌కు ఎక్కింది. తర్వాత ఆ ముచ్చటే మరిచిపోయాడు.

ఆఫీసులో ఇంకా ఎవరి కంటా పడలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను కట్టిన ఫ్రేమ్‌వర్క్ తీరే అంత. ఫైళ్లన్నీ ముందే మోసుకురాదు, బటన్ నొక్కినప్పుడే ఆ క్లాసును సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. రిపోర్టుల బటన్ ఎవరూ నొక్కలేదు. పదకొండుకు మేనేజరు నొక్కుతాడు. ఆ లోపల ఫైలు మారిస్తే బతికిపోతాడు. మేనేజరుది గుంటూరు. ఇదే మాట ఆఫీసు బోర్డు మీద రాసినవాణ్ని పోయిన నెలలోనే ఇంటికి పంపాడు. వేణు నౌకరి చూసుకుని నర్సవ్వ బీడీల చాట పక్కన పెట్టి నిండా ఏడాది కాలేదు.

పది యాభై. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు ఊడితే ల్యాప్‌టాప్ ఆరిపోతుంది. ఇంటర్నెట్ డాటా కార్డు గుచ్చి, ఫైలు తెరిచి, ఆ మాట ఉన్న వరుస మీదికి వచ్చాడు.

"అరె! గిది మన నినాదమే గదరా!"

వెనక భూమయ్య, చేతిలో చాయ్ గ్లాసుతో. వేణు నోరు తెరిచేలోపే మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా! మన నర్సవ్వ కొడుకు కంపెని కంప్యూటర్ల జై తెలంగాణ రాసిండు!"

జనమంతా వచ్చి మీద పడ్డారు. పొయ్యి దగ్గరున్న రాజవ్వ అన్నం గరిటెతోనే వచ్చింది. "నీ తల్లి కడుపు సల్లగుండ కొడుకా!" అని తల నిమిరింది.

"ఇంతకు తప్పు వడ్డదంటివి, ఏదిరా తప్పు?" అడిగాడు భూమయ్య.

వేణు ల్యాప్‌టాప్ తెర కొంచెం వంచాడు. "అక్షరాలు... జర చిన్నగున్నయి కాకా."

"పెద్దగ జెయ్యి మరి!" అని అరిచారు అందరూ.

పది యాభై ఎనిమిది. ఇంతమంది కళ్ల ముందు ఆ మాటను ఎట్లా చెరుపుతాడు? సిగ్గుతో చచ్చిపోతున్నాడు. కానీ అమ్మ ఒళ్లో మళ్లీ ఆ బీడీల చాట ఉన్నట్టు కళ్ల ముందు మెదిలింది.

"జర ఎనుకకు జరుగుండ్రి, సిగ్నల్ వస్తలేదు."

జరిగారు. వేణు కళ్లు మూసుకుని ఆ వరుస చెరిపాడు. ఫైలు సర్వర్‌కు ఎక్కించబోయాడు. అంతలో జరుగుతున్న వాళ్లలో ఎవరి కాలో వైరుకు తగిలింది. తెర నల్లబడింది. మళ్లీ వైరు పెట్టి, ల్యాప్‌టాప్ లేచేసరికి పదకొండూ ఆరు.

ఫోన్ మోగింది. మేనేజరు.

"ఎక్కడున్నావయ్యా? ఆ అరుపులేంటి?"

"రోడ్డు మీద, సార్..."

"రిపోర్టుల బటన్ నొక్కాను."

"సార్, అది పరీక్షకని..."

"నోరు మూసుకుని విను. అక్షరాలు ముద్దుగా ఉన్నాయి, ఏం రాశారని అడిగాడు పుణె ఆయన. నాకు చెమటలు పట్టాయి. సుస్వాగతం అని చెప్పి బయటపడ్డాను."

"సార్... నా నౌకరి?"

"నీ నౌకరి సంగతి తర్వాత. కాంట్రాక్టు మనకే ఇచ్చాడయ్యా, ఒక్క షరతు మీద. ఏ కిటికీ తెరిచినా ఆ సుస్వాగతమే కనబడాలంట. సాయంత్రంలోగా నలభై క్లాసుల్లోనూ కలిపెయ్!"