సగటు కాపురం

"ఆవిడగారితో చెప్పండి సార్, మొక్కజొన్న ఏనుగు కాదని. అన్ని నీళ్ళు తాగదు."

"ఆయనగారితో చెప్పండి సార్, మొక్కజొన్న నాగజెముడూ కాదని. నీళ్ళు లేకుండా బతకదు."

ఇద్దరి మధ్యా ఒక బల్ల, ఒక మంచినీళ్ళ సీసా, ఒక డైరెక్టరు. ఆ పరిశోధన కేంద్రంలో ఏ మీటింగైనా ఇలాగే మొదలవుతుంది. ఇద్దరూ శాస్త్రవేత్తలే. పైగా మొగుడూ పెళ్ళాలు. ఒకరితో ఒకరికి మాటల్లేవు. క్వార్టర్సులో ఇద్దరికీ కలిపి ఒకే ఇల్లు ఇచ్చారు కాబట్టి మేడ మీద ఆయన, కింద ఆవిడ.

చెడింది మోడళ్ళ దగ్గరేనని అందరికీ తెలుసు. ఎండ, వాన, గాలి, మట్టి లెక్కలన్నీ కంప్యూటర్లో పోస్తే మొక్కజొన్న ఎంత నీళ్ళు తాగుతుందో, ఎన్ని బస్తాలు పండుతుందో ముందే చెప్పే మోడలు ఆవిడకొకటి, ఆయనకొకటి. మొదట్లో రెండూ ఇంచుమించు ఒకే మాట చెప్పేవి. "ఒకే మాటకి ఇద్దరెందుకు? ఒక లాబ్ మూసేసి మనుషుల్ని ఇంటికి పంపేద్దాం" అన్నాడు అప్పటి డైరెక్టరు. ఎవరి లాబ్ మూయాలన్న దగ్గర మొగుడూ పెళ్ళాలకి చెడింది. ఆ తర్వాత మోడళ్ళకీ చెడింది.

ఆవిడ మోడలు నీళ్ళూ, దిగుబడీ ఎప్పుడూ ఎక్కువ చెప్పేది. ఆయనది తక్కువ. కేంద్రంలో వాళ్ళు ఆవిడదానికి 'దాహం' అనీ, ఆయనదానికి 'పిసినారి' అనీ పేర్లు పెట్టుకున్నారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ అంచనా మీదే కాలవకి నీళ్ళు వదలాలి. ఎక్కువైతే వేళ్ళు కుళ్ళుతాయి. తక్కువైతే గింజ పాలు పోసుకోకముందే కంకి ఎండుతుంది. ఎవరి మాట వినాలో తెలియక కాలవ ఇంజనీరు ఫోన్ చేసి ఇద్దర్నీ కలిపి తిట్టేవాడు.

అలాంటప్పుడు వచ్చాడు ఈ కొత్త డైరెక్టరు. అతనికి మొక్కజొన్న గురించి తెలియదు. మోడళ్ళ గురించి అసలే తెలియదు. కూడి రెండుతో భాగించడం మాత్రం వచ్చు. భాగించాడు.

పొలంలో త్రాసుల మీద మట్టితొట్టెలు పెట్టి, మొక్క తాగిన నీటిని తూస్తారు. ఆ ఏడాది తొట్టెలు చూపించిన లెక్కా, కోత తర్వాత తేలిన గింజల లెక్కా సగటుతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. మరుసటి ఏడూ అంతే.

డైరెక్టరుకి కాళ్ళు నేల మీద ఆనలేదు. "రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మిగిలేదే నిజం" అని దేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. మెడల్స్ తెచ్చుకున్నాడు. ఇంట్లో భార్య ఒక కూరా, కూతురు ఇంకో కూరా అంటే రెండూ కలిపి వండమన్నాడట. ఆ పూట ఎవరూ తినలేదు.

ఒక్క భయం మాత్రం అతన్ని తొలిచేసేది. వీళ్ళిద్దరూ రాజీపడితే? కూర్చుని మాట్లాడుకుని తప్పులు దిద్దుకుంటే? ఒక్కరు దిద్దుకున్నా చాలు, సగటు ఓ పక్కకి ఒరిగిపోతుంది.

అందుకని ఆ కాపురం మీద ఓ కన్నేసి ఉంచాడు. ఆవిడ గదిలో టీ తాగుతూ, "నేను చెప్పానని అనకండమ్మా. మీ మోడల్ని వరదలొచ్చినప్పుడు రాసినట్టున్నారని ఆయన అంటున్నాడు" అనేవాడు. ఆయన గదికెళ్ళి, "మీ మోడలు చుక్కలు లెక్కపెట్టి పోస్తుందట. అచ్చం మీలాగేనట" అనేవాడు. ఇద్దరూ భగ్గుమనేవారు. డైరెక్టరు ఈల వేసుకుంటూ బయటికొచ్చేవాడు.

ఈ ఏడు విత్తే ముందు రానే వచ్చింది ప్రమాదం. ఆవిడ లాబ్‌లోని ప్రోగ్రామరు వగరుస్తూ వచ్చాడు.

"సార్, మేడమ్ గారి మోడల్లో తప్పు దొరికింది. వేళ్ళు ఉండాల్సిన దానికంటే లోతుగా దింపేశారు. అది సరిచేస్తే తొట్టెల లెక్కకి సరిగ్గా సరిపోతోంది."

"సరిచేశావా?"

"ఇంకా లేదు సార్."

"అమ్మయ్య!" డైరెక్టరు లేచి తలుపు వేశాడు. "అది తప్పు కాదయ్యా, మేడమ్ గారి అనుభవం. ముట్టుకోకు."

"కానీ ఒక్క మోడలే సరిగ్గా చెప్తే ఇంకా మంచిదే కదా సార్?"

"నీ సరిగ్గాకి మెడల్స్ ఎవడిస్తాడు?"

వారం తిరక్కుండా ప్రోగ్రామరుకి విత్తనాల గోడౌనుకి బదిలీ అయింది. ప్రమోషన్ మీదే.

బదిలీ అయిన సాయంత్రమే వాన పట్టుకుంది. ఆయనా, ఆవిడా ఒకే వసారా కింద ఆగిపోవడం డైరెక్టరు కిటికీలోంచి చూశాడు. గొడుగైనా తీసుకోకుండా పరిగెత్తుకెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"మేడమ్, మీరు నా కారులో రండి. ఆయన నడిచొస్తాడు. వానంటే ఆయనకి అంత లెక్కలేదుగా!"

ఆవిడ మూతి తిప్పుకుని కారెక్కింది. ఇంటి ముందు దింపాడు. ఆయన తడుస్తూ వచ్చి పై వాటాకి ఎక్కేదాకా, ఆవిడ కింది తలుపు గడియ పెట్టుకునేదాకా కారులోనే కూర్చుని చూశాడు. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్ళలేదు.

కారు వీధి మలుపు తిరగ్గానే లోపలి మెట్ల మీంచి వంటింట్లోకి దిగొచ్చిన మొగుడి తల తువ్వాలుతో తుడుస్తూ ఆవిడ అంది: "ఈసారి నేను కలిపేదీ, నువ్వు తీసేసేదీ వేళ్ళ దగ్గర వద్దు, ఆకుల దగ్గర పెడదాం. ఇంకాస్తయితే ఇద్దరిదీ ఒకే మోడలని ఆ ప్రోగ్రామరు పట్టేసేవాడే!"