పదో ముక్క

"తొమ్మిదే ఉన్నయి," అన్నాడు సూపర్‌వైజర్ వీరేందర్, డోర్కాస్ బల్ల మీది నల్ల టేపును దీపం కింద పెట్టి చూస్తూ. "పది తీగలు కోసినవ్. పదో ముక్క యాడ?"

గాజు తీగ. వెంట్రుకంత సన్నం. కోసినప్పుడు తెగిపడిన ప్రతి ముక్కనూ ఆ టేపుకు అంటించాలి. శంషాబాద్‌లోని ఆ ఫ్యాక్టరీలో తీగను నువ్వుగింజంత కటకానికి ఎదురుగా అతికించి, పైన మరో గాజు పొర మూస్తారు. పొరల మధ్య ముక్క పడితే వెలుగు దారి తప్పుతుంది. ఇక ఆ పరికరం పనికిరాదు.

"అన్నీ అంటించిన సార్."

"మరేమైంది, విమానమెక్కి పోయిందా?"

బయట మైలార్‌దేవ్‌పల్లి బస్సు హారన్ కొడుతోంది.

"ఇగ పది పరికరాలనూ పగలగొట్టి చూసుడే. లోపల దొరికితే రేపటి సంది నువ్వు రాకు."

పక్క బల్ల దగ్గరి భారతమ్మ లేచింది. "జర ఆగుండ్రి సార్. పిల్ల వేళ్లు చూద్దాం."

డోర్కాస్ చెయ్యి పట్టుకుని, వేళ్లను మైక్రోస్కోప్ కింద పెట్టింది. ముక్క తెర మీద కనిపించింది. చూపుడువేలి కొసలో నిలువుగా దిగి ఉంది. చుట్టూ నెత్తురు ఎప్పుడో ఆరిపోయింది.

వీరేందర్ పట్టకారుతో లాగాడు. డోర్కాస్ తెర వైపే చూస్తోంది, ఆ వేలు వేరెవరిదో అయినట్టు.

అతను ముక్కను టేపుకు అంటించి, ఆమె ముఖంలోకి చూశాడు.

"నొయ్యలేదా?"

"కొంచెం నొచ్చింది సార్."

"స్పర్శ పోయినోళ్లకు ఈడ పని లేదు. నీకెరికే గద. కళ్లు మూసుకో. సూది గుచ్చినప్పుడల్లా చెప్పు."

భారతమ్మ కుర్చీ లాక్కుని డోర్కాస్ పక్కన కూర్చుంది.

డోర్కాస్ కళ్లు మూసుకుంది. రోజంతా స్పిరిట్‌తో తీగలను తుడిచి తుడిచి తెల్లబడిన వేళ్లు బల్ల మీద ఉన్నాయి. ఏమీ తెలియడం లేదు. అప్పుడు బల్ల కింద ఆమె కాలిని భారతమ్మ పాదం నొక్కింది.

"ఇప్పుడు," అంది డోర్కాస్.

మళ్లీ నొక్కింది.

"ఇప్పుడు."

ఐదుసార్లూ సరిగ్గానే చెప్పింది. వీరేందర్ సూదిని తుడిచాడు.

"మంచిగనే ఉన్నది. ఎట్లాగూ కూసున్నవ్, నువ్వు గూడ చెయ్యి పెట్టు భారతమ్మా."

భారతమ్మ చెయ్యి చాపి కళ్లు మూసుకుంది. బల్ల కింద ఆమె పాదం డోర్కాస్ పాదాన్ని వెతుక్కుంటూ వచ్చి, దాని కిందికి దూరింది.